పల్లంలో ఆరిపోయే చుక్క

ఫిబ్రవరి, రెండో శనివారం. నందిగామలో మా అక్క వాళ్ళ ఇల్లు, ముందు వరండా. మధ్యాహ్నం భోజనాలయ్యాక.

ఉన్నవాళ్ళు: నేను, మా అక్క, మా బావగారు, వాళ్ళమ్మాయి. ఆమె కంచికచర్లలో హైస్కూలు టీచరు. రెండో శనివారం కాబట్టి సెలవు. వీళ్ళు కాక బావగారి మోటారు సైకిలు.

ఆ రోజు డైరీ పేజీని ఇలా మొదలుపెట్టాను. ఏ పనికైనా ముందు తేదీ, చోటు, ఉన్నవాళ్ళు రాసుకోవడం నాకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కొలత పరికరాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ ఏ మీటరు మూత విప్పినా, పక్కన ఎవరున్నారో రాసుకున్నాకే విప్పేవాళ్ళం. నేను రాస్తుంటే భుజం మీంచి చూసిన మేనకోడలు, మనుషుల్లో బండిని కలిపావేంటి మావయ్యా అని నవ్వింది. ఈ ఇంట్లో గొడవంతా దాని గురించే కదా అన్నాను. అక్క నవ్వలేదు.

గొడవ ఏమిటో చెప్పాలి. బావగారు పాల కేంద్రాల మీద సూపర్‌వైజరుగా పనిచేశారు. నందిగామ నుంచి మా పేట, అంటే జగ్గయ్యపేట దాకా హైవేకి అటూ ఇటూ ఉన్న ఊళ్ళన్నీ పొద్దునా సాయంత్రం ఆ బండి మీద తిరిగినవారు. ఏ ఊళ్ళో ఏ గేదె ఎప్పుడు ఈనిందో చెప్పగలిగిన మనిషి. అలాంటాయన ఏడాదిగా మరిచిపోతున్నారు. మొదట పేర్లు పోయాయి. తర్వాత పొద్దున ఏం తిన్నదీ గుర్తులేకపోవడం మొదలైంది. దసరాకి ముందు ఒకరోజు వంగ నారు కోసం కంచికచర్ల వెళ్ళినవారు, చీకటి పడే వేళకు ఇబ్రహీంపట్నం అవతల ఒక పెట్రోలు బంకులో కూర్చుని ఉన్నారు. బంకు వాళ్ళు ఫోన్ చేస్తే వెళ్ళి తీసుకొచ్చాం. విజయవాడలో డాక్టరు పరీక్షలన్నీ చూసి బండి మాన్పించమని చెప్పారు. బావగారి ఎదురుగానే చెప్పారు.

అక్క తాళం తీసి బియ్యం డబ్బాలో దాచింది. బావగారు తగువు పెట్టుకోలేదు. మాట్లాడటం మానేశారు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హైవే దాకా నడిచి, లారీలు పోయే అంచున ఎండలో నిలబడి, భోజనం వేళకు వచ్చేవారు. బండి మీద వెళ్తే ఎటు పోతారో అని ఒక భయం, నడిచి వెళ్తే ఏ చక్రం కింద పడతారో అని ఇంకో భయం. చివరికి అక్కే తాళం తీసి ఆయన దిండు మీద పెట్టింది.

అప్పుడు మేనకోడలు ఈ జీపీఎస్ సంగతి ఎత్తింది. అగ్గిపెట్టెకు కొంచెం పెద్దదిగా ఉండే నల్ల డబ్బీ. అందులో ఒక సిమ్ముంటుంది. బండి కరెంటు దానికి తగిలిస్తే, బండి ఎక్కడుందో ఫోనులో చుక్కలా కనపడుతుంది. ఆమె దాన్ని తెప్పించి, వచ్చి బిగించమని నాకు ఫోన్ చేసింది. నాన్నకు తెలియకుండా పెట్టేద్దాం మావయ్యా అంది. అది మాత్రం నా వల్ల కాదన్నాను. ఆయన బండికి ఆయన చూడకుండా ఒక స్క్రూ కూడా విప్పను. కాబట్టి భోజనాల దగ్గర నలుగురం కూర్చుని దాపరికం లేకుండా మాట్లాడుకున్నాం. అక్క తన షరతు చెప్పింది.

"ఇది పెట్టినాక కూడా తప్పిపోయారనుకోండి, ఇంక తాళం అడక్కూడదు. నేనివ్వను. దేవుడి సాక్షిగా చెప్తున్నా."

బావగారు కంచంలో వేలితో గీతలు గీస్తూ విన్నారు. తర్వాత సరే అన్నారు. ఆ వారంలో అక్కతో ఆయన అన్న మొదటి మాట అదేనట. ఆ తాళం ఆయన చేతిలో ఉంటుందా పోతుందా అన్నది ఇప్పుడు నేను బిగించబోయే రెండు తీగల మీదకొచ్చింది. చేతులు తుడుచుకుని లేచాను.

బండిని వరండా నీడలోకి తెచ్చి పెద్ద స్టాండు వేశాం. సీటు విప్పాను, కుడి పక్క మూత విప్పాను. మూత వెనక బ్యాటరీ. బావగారు స్టూలు తెచ్చుకుని దగ్గరగా కూర్చున్నారు. నేను ఏ తీగ పట్టుకుంటే దాని వంక చూస్తున్నారు. సూది వేసే చేతి వంక చూసినట్టుగా ఉంది ఆ చూపు.

"ఇది నన్ను చూస్తదా, బండిని చూస్తదా?"

"బండిని బావా."

"అట్టయితే పెట్టు. దానికి సిగ్గేముంది."

డబ్బీ నుంచి రెండే తీగలు వస్తున్నాయి, ఎర్రది, నల్లది. నల్లది భూమికి, అంటే బండి చట్రానికి. దాంతో పేచీ లేదు. ఎర్రదాన్ని ఎక్కడ కలపాలన్నదే ప్రశ్న. నేరుగా బ్యాటరీకి కలిపితే డబ్బీ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. తాళం తిప్పితేనే కరెంటొచ్చే తీగకు కలిపితే, బండి నడుస్తున్నంతసేపే వెలుగుతుంది. డబ్బీలో సొంత బ్యాటరీ లేదు. అలాంటివి వేరే ఉంటాయట, ఇది ఆ రకం కాదు.

మేనకోడలు దాంతో వచ్చిన కాగితం చదివి, బ్యాటరీకే కలపమని రాశారంది. నేను ఆలోచించాను. బండి పాతది, బ్యాటరీ చిన్నది, అదీ పాతబడింది. బావగారు రెండు మూడు రోజులు బండి తీయకపోతే డబ్బీ దాన్ని పీల్చేస్తుంది. ఇంజను కిక్కుతో స్టార్టవుతుంది గానీ హారన్ మోగదు, ఇండికేటర్లు వెలగవు. దారి మరిచిపోయే మనిషిని హారన్ లేని బండితో హైవే మీదకి పంపడం నాకు నచ్చలేదు. ఆ కాగితం కొత్త బండ్ల కోసం రాసింది అన్నాను. బావగారూ నా పక్షమే చేరారు.

"బ్యాటరీ మీద కూర్చోబెట్టకురా. రాత్రంతా తాగుద్ది."

"ఫ్యాక్టరీలో కూడా ఇట్టాగే కాయితంలో ఉన్నది మార్చేసేవాడివా మావయ్యా?" అంది మేనకోడలు.

"ఆ ఫ్యాక్టరీ ఇంకా నడుస్తందంటే మీ మావయ్య రిటైరయినందుకే," అన్నారు బావగారు.

ఆ మాటకి అక్క కూడా నవ్వింది. పాత మనిషి ఒక్కసారి కిటికీలోంచి తొంగి చూసినట్టయింది.

టెస్ట్ లాంపు తీసి ఒక్కో తీగా వెతికాను. వెనక బ్రేకు స్విచ్చికి వెళ్ళే తీగ దొరికింది. తాళం తిప్పితే లాంపు వెలుగుతుంది, ఆపితే ఆరుతుంది. దాని మీద తొడుగు కొంచెం వలిచి, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టి, ఎర్ర తీగను చుట్టి టంకం వేశాను. చల్లారాక లాగి చూశాను. టేపు చుట్టాను. చట్రం మీద రంగు గీకి, తెల్లటి ఇనుము కనిపించాక నల్ల తీగను బోల్టు కింద బిగించాను. డబ్బీ ముఖం ఆకాశం వైపు ఉండేలా సీటు కింద అమర్చి పట్టీలు కట్టాను. ఇనుప రేకు దాని మీదకు రాకుండా చూసుకున్నాను. బావగారు తాళం తిప్పారు. డబ్బీ మీద ఎర్ర దీపం మిణుకుమంది. కాసేపటికి మేనకోడలి ఫోనులో వీధి పటం మీద, సరిగ్గా ఈ ఇంటి మీద, ఆకుపచ్చ చుక్క పడింది. తాళం ఆపితే చుక్క బూడిద రంగుకు మారి, చివరగా ఉన్న చోటే నిలిచిపోయింది.

తాళం ఆపితే ఆరుతోంది, సరిగానే ఉంది అని డైరీలో రాసుకున్నాను.

ఇక ఒకసారి రోడ్డు మీద తిప్పి చూడాలి. హైవే ఎక్కి, పేట వైపు మొదటి పెట్రోలు బంకు దాకా వెళ్ళి తిరిగి రావాలన్నాం. ఆ తర్వాత బావగారు నన్ను బస్టాండులో దింపాలి. నా పనిముట్ల సంచిని అప్పుడే వెనక సీటుకు తాడేసి కట్టేశాను. "చేతులు కడుక్కుని వస్తా బావా, నేనూ ఎక్కుతా," అని పెరట్లోకి వెళ్ళాను. గ్రీజు తొందరగా వదల్లేదు. సబ్బు చేతులతో ఉండగానే కిక్కు కొట్టిన చప్పుడు, గేరు పడిన చప్పుడు వినిపించాయి. నేను వరండాలోకి వచ్చేసరికి బండి లేదు.

ఆగమన్నా ఆగలేదు మావయ్యా అంది మేనకోడలు. ఫోను చూపించింది. చుక్క వీధి దాటి, పెద్ద రోడ్డెక్కి, హైవే వైపు పోతోంది. పోనీలే, బంకు దాకానే కదా అనుకున్నాం. ముగ్గురం ఫోను చుట్టూ చేరాం. చుక్క హైవే ఎక్కింది. బంకు దగ్గరకొచ్చింది. అక్కడ ఆగలేదు. బంకు దాటింది.

అక్క ఫోన్ చేసింది. కిటికీ దగ్గర చార్జింగులో ఉన్న బావగారి ఫోను మోగింది.

తిరగడానికి ఆ తర్వాత సందు దాకా వెళ్ళారేమో అన్నాను. చుక్క ఆ సందు కూడా దాటింది. ఒక వంతెన మీదకెక్కి, సరిగ్గా దాని నడినెత్తిన ఆగింది. ఆగి, బూడిద రంగుకు మారిపోయింది.

హైవే వంతెన మీద ఎవరూ బండి ఆపరు. ఆగిందంటే బండి చెడిపోవడమో, గుద్దుకోవడమో అయి ఉండాలి. మేనకోడలు స్కూటీ తీసింది. నేను వెనక ఎక్కాను. అక్క గేటు దాకా వచ్చింది.

"దొరికితే తిట్టకండి," అంది.

మేనకోడలు నడుపుతుంటే ఆమె ఫోను నా చేతిలో ఉంది. పక్కనుంచి సిమెంటు లారీలు ఒరుసుకుంటూ పోతున్నాయి. మేం బంకు చేరకముందే చుక్క మళ్ళీ ఆకుపచ్చగా మారింది. వంతెన దిగువన ఉంది, కదులుతోంది. చెప్తే ఆమె తల ఊపింది, వేగం తగ్గించలేదు. ఇంకాసేపటికి మళ్ళీ ఆరిపోయింది. నా టంకం ఊడుతోందేమో అనిపించింది. కుదుపుకు కలుస్తూ విడిపోతూ ఉండాలి. ఎక్కడ వదులైందా అని ఒక్కో చుట్టునీ మనసులో విప్పి చూసుకున్నాను. లాగి చూశాను కదా, ఊడలేదు కదా. మళ్ళీ వెలిగింది. ఈసారి హైవే మీద లేదు. ఎడమ చేతి లోపలి రోడ్డులోకి తిరిగి ఉంది.

పేటకు ఆ రోడ్డునా వెళ్ళొచ్చు. చుట్టు తిరుగుడు, కానీ లారీలు ఉండవు. పాల రూటులో ఆయన తిరిగిన రోడ్డు అది. ఆ మలుపు దగ్గర చెరుకు రసం బండి పక్కన స్కూటీ ఆపించాను. చుక్క మూడోసారి ఆరిపోయింది.

"మావయ్యా, సరిగ్గా బిగించావా లేదా చెప్పు."

ఆరిపోయిన చోట్లు ఒకదాని తర్వాత ఒకటి గుర్తుచేసుకుంటున్నాను. మొదటిది వంతెన నెత్తిన. రెండోది హైవే మీద రాళ్ళ గుట్ట పక్కన ఉండే ఎత్తు. మూడోది ఈ లోపలి రోడ్డులో వాగులోకి దిగే చోటు. మూడూ ఎత్తులే. మూడు చోట్లా అవతల ఉన్నది పల్లమే.

టంకం ఊడలేదు. ఆయన తాళం ఆపుతున్నారు.

పల్లం వస్తే ఇంజను ఆపేయడం బావగారి పాత అలవాటు. ఆయన ఒక్కరిదే కాదు, పాల రూటులో తిరిగినవాళ్ళందరిదీ. పెట్రోలు కలిసొస్తుందని మొదలుపెట్టి ఉంటారు. ఎత్తు ఎక్కగానే గేరు తీసేసి, తాళం ఆపి, బండిని దాని మానాన వదిలేస్తారు. పల్లం చివర తాళం తిప్పి గేరు వేస్తే దొర్లే ఊపుకే ఇంజను అందుకుంటుంది. ఆ బండి వెనక కూర్చుని నేను ఎన్నిసార్లు పేటకు వెళ్ళానో. ఇంజను మోగుతున్నంతసేపు మాట వినపడదు కాబట్టి ఇద్దరం ఊరుకునేవాళ్ళం. ఆపగానే గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అప్పుడే మాట్లాడుకునేవాళ్ళం. మా అమ్మ జబ్బు సంగతి, ఆయన బదిలీ సంగతి, ఈ పిల్ల చదువు సంగతి, అన్నీ పల్లాల్లోనే. ఒక పల్లంలో మొదలైన మాట ఇంకో పల్లంలో పూర్తయ్యేది. అంత వాడుకైనది కాబట్టే, టెస్ట్ లాంపు పట్టుకుని తీగలు వెతికిన మధ్యాహ్నం అది నాకు తట్టనే లేదు. ఎదురుగా కూర్చున్న ఆయనకూ తట్టలేదు.

మేనకోడలికి చెప్పాను. ఆ బండి మీదే ఆమె గేర్లు నేర్చుకుంది. "అవును, ఆపుతాడు," అంది. తర్వాత ఫోను వంక చూసి, "మరి వాగు దిగాక తాళం ఎందుకు తిప్పలేదు?" అంది.

చుక్క ఇంకా బూడిద రంగులోనే ఉంది. ఒక పల్లం దిగడానికి పట్టే సమయం ఎప్పుడో దాటిపోయింది.

లోపలి రోడ్డులో వీలైనంత వేగంగా వెళ్ళాం. రెండు పక్కలా మిరప కళ్ళాలు, పరదాల మీద ఎర్రగా ఆరబోసిన కాయ. ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. కూలీలు అప్పటికే ఇళ్ళకు పోయారు. పొద్దు వాలుతోంది. వాగు ఎత్తు మీదకి చేరాం. ఫోను ప్రకారం బండి ఉండాల్సిన చోటు అదే. రోడ్డు ఖాళీగా ఉంది. జారిన గుర్తు లేదు, పగిలిన అద్దం ముక్క లేదు. ఎదురుగా పల్లంలోంచి ఒక ట్రాక్టరు ఎక్కి వస్తుంటే చెయ్యెత్తి ఆపాను. కింద ఎవరైనా పెద్దాయన కనిపించాడా అని అడిగాను.

"చప్టా కాడ బండుందండి," అన్నాడు ట్రాక్టరాయన. "మనిషి లేడు."

మేనకోడలి చెయ్యి హ్యాండిలు మీద బిగుసుకోవడం వెనకనుంచి చూశాను. వాగులో నీళ్ళు ఎక్కువ లేవు. చప్టాకి పైపక్కన మాత్రం మడుగు ఉంది.

"ఇంజను ఆపు," అన్నాను.

"ఏంటి?"

"ఆపమ్మా. చప్పుడు లేకుండా దిగుదాం. ఏదన్నా వినపడుద్దేమో."

ఆపింది. స్కూటీ దొర్లడం మొదలైంది. టైరు కింద ఇసుక నలిగే చప్పుడు, గాలి. సగం పల్లంలో ఉండగా, కుడి పక్క పత్తి చేలోంచి, గొంతు చించుకుని పిలిచి పిలిచి అలిసిపోయిన గొంతు వినిపించింది.

"ఒరే బామ్మర్దీ."

నన్నే. మేనకోడలు బ్రేకు వేసింది. పత్తి ఏరడం అయిపోయిన ఎండు మొక్కల మధ్య బావగారు వంగి, రెండు చేతులతో కొమ్మలు పక్కకు తప్పిస్తూ వెతుకుతున్నారు. భుజానికి నా పనిముట్ల సంచి వేలాడుతోంది. ఇస్త్రీ చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. "బావా," అని కేకేశాను. తలెత్తారు. నన్ను చూసి, గట్టు దాటి, తడబడుతూ పరుగులాంటి నడకతో వచ్చారు. వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. మోచేతులు తిప్పి చూశారు. వంగి, నా ప్యాంటు పైకి జరిపి మోకాళ్ళు చూశారు.

"దెబ్బలేమన్నా తగిలినయ్యా? ఎక్కడ పడ్డావు?"

ఆయనే చెప్పుకుంటూ పోయారు. పల్లంలో ఇంజను ఆపారట. నేనేదో అంటానని చూశారట. ఏమీ అనకపోతే, ఏరా, అమ్మాయి చెప్పినట్టు బ్యాటరీకే కలిపితే పోయేదా అని ఆయనే అడిగారట. జవాబు రాలేదు. వెనక్కి తిరిగితే సంచి ఉంది, నేను లేను.

"నిన్ను పడేశాననుకున్నా రా," అన్నారు. "పైదాకా నడిచి చూసా. లేవు. మళ్ళీ కిందకొచ్చా. చేలో పడ్డావేమోనని. పిలుస్తుంటే పలకవేంటి."

పలికాను కదా బావా, అందాం అనుకున్నాను. పడలేదు, నడుచుకుంటూ వచ్చేశాను అని ఏదో ఒకటి చెప్పేస్తే సరిపోయేది. ఆయన నా మోకాళ్ళ వంక చూస్తూనే ఉన్నారు, దెబ్బ ఎక్కడుందో వెతుకుతున్నారు. ఆ అబద్ధం నోటి దాకా వచ్చింది. ఈలోగా మేనకోడలు స్కూటీకి స్టాండు వేసి వచ్చింది. అక్క చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. తిట్టలేదు. ఆయన భుజం మీంచి సంచి దింపుతూ, నెమ్మదిగానే చెప్పింది.

"నాన్నా, మావయ్య నీ బండెక్కలేదు. ఇంట్లోనే ఉన్నాడు."

బావగారు ఆమెను కాదు, నన్ను చూశారు.

"ఎక్కలేదా?"

"ఎక్కలేదు బావా. చేతులు కడుక్కుంటున్నా."

"వస్తానన్నావుగా."

"అన్నా. నేనొచ్చేసరికి మీరు వెళ్ళిపోయారు."

ఆయన రోడ్డు వంక చూశారు. దిగి వచ్చిన పల్లం మొత్తాన్నీ పై నుంచి కింది దాకా చూశారు. నన్ను పడేశానని అనుకున్నంతసేపు ఆయన ముఖంలో కంగారు ఉంది. ఇప్పుడు అది పోయింది. దాని బదులు వచ్చినదాన్ని నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. చప్టా దగ్గర బండి బుద్ధిగా స్టాండు మీద నిలబడి ఉంది. దాని తాళం ఆయన చొక్కా జేబులో ఉంది. తీశారు. తీసి, అరచేతిలో ఒకసారి తిప్పి, కూతురి చేతిలో పెట్టారు.

"మీ అమ్మకివ్వు."

"నువ్వే ఇద్దువుగాని నాన్నా, ఇంటికెళ్ళాక."

"ఇంటికెళ్ళేసరికి ఇవ్వాలని గుర్తుండకపోతే?"

ఆమె తాళం పిడికిట్లో పెట్టుకుంది. తర్వాత అక్కకు ఫోన్ చేసి దొరికారని ఒక్క మాట చెప్పింది. మోటారు సైకిలు ఆమె నడిపింది. బావగారు వెనక కూర్చున్నారు. నేను స్కూటీ మీద వాళ్ళ వెనక లైటు చూసుకుంటూ వచ్చాను. ఆ బండి వెనక సీటు మీద ఆయన్ని చూడటం నాకు అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని, గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

ఇంటికి వచ్చాక అక్క చిరిగిన చొక్కా విప్పించి, మోచేతికి పసుపు పెట్టింది. మేనకోడలు తాళం తెచ్చి గూట్లో పెట్టింది. అక్క దాన్ని చూసింది. బియ్యం డబ్బాలో దాచలేదు. భోజనం ముందు ఆమె చేసే ప్రార్థన ఆ పూట చాలా చిన్నగా అయిపోయింది. పేటలో మా ఆవిడకు రేపు వస్తానని చెప్పి, నేను అక్కడే పడుకున్నాను.

ఆదివారం పొద్దున్నే లేచి, వరండాలో బండి సీటు విప్పాను. ఎర్ర తీగను అక్కడి నుంచి తీసి నేరుగా బ్యాటరీకి వేద్దామని. కాగితంలో రాసింది రాసినట్టు. టేపు కొస వెతుకుతుండగా బావగారు కాఫీ గ్లాసుతో వచ్చి నిన్నటి స్టూలు మీదే కూర్చున్నారు.

"ఇప్పుడేం పీకుతున్నావు?"

"బ్యాటరీకి మారుస్తున్నా బావా. తాళం ఆపినా వెలుగుద్ది."

"నేనింక నడపనుగా. ఎవరి కోసం?"

నిన్నటి సంగతి ఆయనకు గుర్తుందని అప్పుడు తెలిసింది. గుర్తుండకపోతే బాగుండునని అనిపించింది కూడా. ఆయన ఒక గుక్క తాగి, "వదిలెయ్," అన్నారు. "బానే కుట్టావు. మళ్ళీ కొయ్యడమెందుకు." టేపు కొసను మళ్ళీ వేలితో అణిచి, సీటు బిగించేశాను.

వాళ్ళ చర్చి కీసరలో. బావగారి సొంత ఊరు అది. ప్రతి ఆదివారం అక్కను వెనక ఎక్కించుకుని వెళ్ళేవారు. ఆ పూట మేనకోడలు తెల్లచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వచ్చి, గూట్లో తాళం తీసింది. అక్క వంక చూసింది. అక్క అవునన్నట్టు తలూపింది. బావగారు బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని కూతురి వెనక ఎక్కారు. కిక్కు రెండోసారికి అందుకుంది. అక్కా నేనూ ఆటో కోసం గేటు దగ్గర నిలబడ్డాం. ఆమెను కీసరలో దింపి నేను పేట బస్సెక్కాలి. మేనకోడలు నిన్న రాత్రే నా ఫోనులో కూడా ఆ పటం పెట్టింది. తీసి చూశాను. చుక్క హైవే మీద, కంచికచర్ల వైపు, ఒకే వేగంతో పోతోంది.

దారిలో మునేరు మీది వంతెన వచ్చింది. చుక్క వంతెన ఎక్కింది, దిగే చోటికి వచ్చింది, ఆరిపోయింది.

అక్క నా ముఖం చూసి దగ్గరికి వచ్చి ఫోనులోకి తొంగిచూసింది. ఏమైందని అడిగింది. వంతెన దిగుతున్నారని చెప్పాను. కారణం తెలిసినా, తెలిసినందువల్ల ఊపిరి తేలిక కాలేదు. బూడిద రంగు చుక్కను చూస్తూ ఇద్దరం నిలబడ్డాం. ఆటో వచ్చి ఆగింది. ఎక్కుతారా అండి అన్నాడతను. ఉండు బాబూ అంది అక్క.

వంతెన అవతల చుక్క వెలిగింది. కదిలింది.

"ఆయనే ఆపమనుంటారు," అంది అక్క. చీర చెంగు సర్దుకుని ఆటో ఎక్కింది. "ఏం మాట్లాడారో పిల్లనడగాలి."